నాడి అరవై నాలుగు

కాగితాల ప్రకారం నూకరత్నం రెండుసార్లు చనిపోయింది. పోస్టుమార్టం రిపోర్టు చెప్పేది రాత్రి పన్నెండుకి అటూ ఇటూగా, చౌల్దారీలో తన గుడిసె గడప మీద కూర్చునే ప్రాణం పోయిందని. అంబులెన్సు షీటు చెప్పేది మర్నాడు పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి, పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రి ముందు బండి ఆగాక అని. రెంటికీ మధ్య తొమ్మిది గంటల పైన తేడా. అందులో చివరి అరగంటా నూకరత్నం చెయ్యి ప్రమోద చేతిలో ఉంది.

ప్రమోదకి ముప్పై రెండేళ్ళు. అంబులెన్సులో ఎమర్జెన్సీ టెక్నీషియన్‌గా ఏడేళ్ళ సర్వీసు. తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి వచ్చి దీవుల్లో స్థిరపడ్డాడు. తండ్రి సత్యారావు ఫీనిక్స్ బే నుంచి తిరిగే బోటులో ఇంజను రూము మనిషి. ఇంటిల్లిపాదిలో చదువుకుని రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకున్నది ఆమె ఒక్కతే. ఏడేళ్ళలో ఆమె మీద ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ రోజు జూలై వాన. చౌల్దారీ నుంచి కనకలక్ష్మి అనే ఆవిడ ఫోను చేసింది, పక్క పాకలో ఉండే మనిషి పిలిస్తే పలకడం లేదని. డ్రైవరు రామ్‌ప్రసాద్ బండిని రోడ్డు మీదే ఆపాడు. అక్కడి నుంచి బెండ మళ్ళ మధ్య స్ట్రెచర్ మోసుకుని వెళ్ళారు. గుడిసె గడప మీద ఒక నడివయసు ఆడమనిషి గుంజకి ఆనుకుని కూర్చుని ఉంది. తల మీద చెంగు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూరు నీళ్ళు ఆమె మోకాళ్ళ మీద పడుతున్నాయి.

కనకలక్ష్మి గొడుగుతో దూరంగా నిలబడిపోయింది. "దగ్గరికెల్లలేదమ్మా నాను. పలకట్లేదు. కానీ సూస్తంది" అంది.

ప్రమోద వంగి మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. చెయ్యి మంచుముక్కలా ఉంది. మొదట ఏమీ తగల్లేదు. వేళ్ళు కాస్త జరిపింది. తగిలింది. నెమ్మదిగా, తొందర లేకుండా, లోపల ఎక్కడో ఎవరో తలుపు తడుతున్నట్టు.

"ఉంది" అంది ప్రమోద. "పట్టు భయ్యా."

ఎత్తబోతే మోకాళ్ళు చాపుకోలేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే లేచింది. రామ్‌ప్రసాద్ తాతలు రాంచీ వైపు వాళ్ళయినా అతను పుట్టి పెరిగింది జంగ్లీఘాట్ తెలుగువాళ్ళ మధ్యే. "దీదీ, అకడ్ గయీ... కొయ్యలా బిగిసిపోయింది" అన్నాడు గొంతు తగ్గించి.

"రాత్రంతా తడిసింది. చలికి అలాగే అవుతుంది."

ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టి దుప్పటి కప్పారు. గుండె గీతలు చూపించే మిషను రిపేరుకి వెళ్ళి రెండు వారాలు. మిగిలింది బీపీ పట్టీ, వేలికి తగిలించే చిన్న ఆక్సిజన్ మీటరు. మీటరు చాలాసేపు అంకె పడకుండా గీతలే చూపించింది. ఆ తరవాత ఆక్సిజన్ ఎనభై ఎనిమిది అంది. ప్రమోద వాచీ చూస్తూ నిండు నిమిషం నాడి లెక్కపెట్టి షీటులో రాసింది: ఎనిమిదీ యాభై రెండు, నాడి అరవై నాలుగు, బీపీ వంద బై అరవై. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టింది. మామూలుగా ఊపిరి తగిలి మాస్కు లోపల మసక కమ్ముతుంది. దీనికి కమ్మలేదు. తీసి తుడిచి మళ్ళీ పెట్టింది.

ఊరు దాటి మలుపు తిరుగుతుండగా ఆమె మాట్లాడింది.

"ఎవుల పిల్లవే నువ్వు?"

నీరసంగా ఉన్నవాళ్ళ గొంతు కాదు. పొయ్యి దగ్గర పని చేసుకుంటూ, గుమ్మంలోకి వచ్చిన మనిషిని అడిగినట్టుంది.

"సత్యారావుగారమ్మాయినమ్మా. ఫీనిక్స్ బే బోటు సత్యారావు. మీరేం మాట్లాడకండి, వచ్చేస్తున్నాం."

"సలేస్తంది."

ప్రమోద రెండో దుప్పటి కప్పింది. మాస్కు కింద పెదవులు కదిలాయో లేదో ఆమెకు తెలియదు. అప్పుడు చూడాలని తోచలేదు. రోగి మాట్లాడితే ఎవరు పెదవుల వంక చూస్తారు?

"మా ఆయన సముద్దరం మీదున్నాడు. ఇప్పుడే కబురెట్టకండి. ఒచ్చి, అన్నం తిన్నాక సెప్పండి. ముందే సెప్తే తిన్డు."

"అలాగేనమ్మా."

"కోడిని పొదిగేసినాను. ఎనకాల, గంప కింద. పిల్లి తిరగతందని గంప మీద రాయెట్టినాను. ఎవులైనా తియ్యండే. మరిసిపోకండి."

"చెప్తానమ్మా. మీరు మాట్లాడకూడదు."

ముందు సీట్లోంచి రామ్‌ప్రసాద్ కూడా అన్నాడు. "మాట్లాడనివ్వకు దీదీ. అలిసిపోద్ది."

తొమ్మిదీ ఎనిమిదికి ప్రమోద మళ్ళీ చూసింది. నాడి యాభై ఎనిమిది. రాసుకుంది. ఆ చెయ్యి వదలకుండా పట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అపర్ణ దుప్పటి తీసి, కనురెప్ప ఎత్తి చూసి, దవడ కదిపి చూసి ఆగిపోయింది. మనిషిని ఇంకాస్త పక్కకి తిప్పింది. తొడల వెనక, పిక్కల వెనక చర్మం నేరేడుపండు రంగుకి తిరిగి ఉంది. కూర్చున్న మనిషి ఒంట్లో నెత్తురు కదలకుండా కిందికి దిగి గడ్డకట్టిన రంగు అది. ఆ సంగతి ప్రమోదకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈమె పోయి చాలాసేపయింది కదా" అంది డాక్టరు.

"ఇప్పుడే మాట్లాడింది మేడం."

డాక్టరు కోప్పడలేదు. జ్వరమేమైనా ఉందా అన్నట్టు ప్రమోద ముఖంలోకి చూసింది. ప్రమోద మళ్ళీ ఆ మణికట్టు పట్టుకుంది. ఎండుకట్టెని పట్టుకున్నట్టుంది. ఏమీ లేదు.

* * *

కోడి సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ సాయంత్రమే కనకలక్ష్మికి ఫోను చేద్దామని నంబరు తీసింది. గంప కింద కోడి ఉందని నీకెవరు చెప్పారని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? ఫోను పక్కన పెట్టేసింది. మర్నాడూ తీసింది, మర్నాడూ పెట్టేసింది. మూడో రోజుకి, ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకుంది.

నాలుగో రోజున నూకరత్నం మొగుడు జోగులు వేట నుంచి వచ్చాడు. అప్పటిదాకా శవాన్ని ఆసుపత్రిలోనే ఉంచారు. దహనం అయ్యాక అతని చేతికి కాగితాలొచ్చాయి. జోగులుకి చదువు రాదు. జంగ్లీఘాట్‌లో ఉండే మేనకోడలు బేబీరాణి ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పింది. రెండు కాగితాలూ రెండు మాటలు చెప్పేసరికి అతను తల పట్టుకుని, వాటిని మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని అంబులెన్సుల ఆఫీసుకి వెళ్ళాడు. గొడవ చెయ్యలేదు. కౌంటరు ముందు నిలబడి అడిగాడు.

"నా మీద కోపం ఒద్దు బాబూ. ఈ రెండిట్లో ఏది నిజవో సెప్పండి, సాలు. తొమ్మిదింటికి బతికుంటే ఎందుకు సచ్చిపోనాది? రేతిరే పోతే, పొద్దున్న ఈ నాడి ఎవులిది?"

ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి ప్రమోదకి ఛార్జి మెమో వచ్చింది. రోగిని పరీక్షించకుండానే దొంగ అంకెలు రాసిందన్నది ఆరోపణ. రిజిస్ట్రేషన్ ఇచ్చిన కౌన్సిలుకీ ఒక కాపీ వెళ్ళింది.

ప్రమోద ముందు రామ్‌ప్రసాద్ దగ్గరికి వెళ్ళింది. అతను షెడ్డులో బండి కడుగుతున్నాడు.

"భయ్యా, నువ్వు విన్నావు కదా?"

రామ్‌ప్రసాద్ పైపు కట్టేశాడు. "విన్నాను దీదీ. ఒట్టు. అప్పట్నుంచీ ఆ వెనక అద్దంలోకి చూడలేకపోతున్నా. గుడ్డ కప్పేశా, చూడు." నిజమే, అద్దానికి పసుప్పచ్చ గుడ్డ చుట్టి ఉంది. "కానీ స్టేట్‌మెంటులో వినలేదనే రాశా. వానచప్పుడు అని రాశా. చచ్చినోళ్ళ మాటలు విన్నానంటే నాకు బండి ఇస్తారా? మాఫ్ కరో దీదీ."

ఎంక్వయిరీ ఆఫీసరు పూర్ణచంద్రగారు. యాభై దాటిన మనిషి. ఉద్యోగం మీద వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగాయన. మనిషి మంచివాడని పేరు. ప్రమోదని కూర్చోమని, టీ తెప్పించి, షీటు ముందు పెట్టాడు.

"చూడమ్మా, నేను నిన్ను ఇరికించడానికి కూర్చోలేదు. ఉన్నవి మూడు దారులు. ఈ అంకెలు నిజమంటావా, అయితే బతికున్న మనిషి నీ చేతిలో పోయింది, గుండె మీద ఒత్తలేదేమని అడుగుతారు. డాక్టరుగారి మాట తప్పంటావా, ఆవిడ తీసిన ఫోటోలున్నాయి. ఇక రెండూ నిజమే అంటావా..." ఆయన కళ్ళజోడు తీశాడు. "అప్పుడు నిన్ను పిచ్చి డాక్టరు దగ్గరికి పంపాలి. రిజిస్ట్రేషన్ పోతుంది. మళ్ళీ రాదు."

"నేను లెక్కపెట్టాను సార్. నిండు నిమిషం."

"లెక్కపెట్టి ఉంటావు. నీ వేలి నాడే నీకు తగిలి ఉంటుంది. కంగార్లో అలా జరుగుతుందని డాక్టర్లే అంటారు. అదే రాయి. పేషెంటుని సరిగా చూడకుండా అంచనాగా నింపానని రాసి సంతకం పెట్టు. నెల్లాళ్ళ సస్పెన్షన్, ట్రైనింగు. ఉద్యోగం ఉంటుంది."

వారం గడువిచ్చాడు. ఇంట్లో సత్యారావు కూడా అదే మాట అన్నాడు. "పెట్టెయ్యమ్మా. ఇంజను ఆగినప్పుడల్లా తప్పు నాదేనని ముప్పై ఏళ్ళుగా రాసిస్తన్నాను. బోటు నడవట్లేదా?"

వారం చివర ప్రమోద సంతకం పెట్టింది. "సదరు రోగికి నాడి లేదు. నేను ఉన్నట్టు రాశాను" అన్న వాక్యం కింద, స్పష్టంగా, పూర్తి పేరుతో.

* * *

సత్యారావుకి బీపీ ఉంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళబోయే ముందు కూతురి ముందు చెయ్యి చాచడం ఆయనకి అలవాటు. సంతకం పెట్టిన మర్నాడు కూడా చాచాడు. టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టి, హావ్‌లాక్ బోటు ఆలస్యం గురించి ఏదో చెబుతున్నాడు.

ప్రమోద వేళ్ళు పెట్టింది. ఏమీ తగల్లేదు.

జరిపింది. కాస్త నొక్కింది, కాస్త వదిలింది. చర్మం వెచ్చగా ఉంది. నరం కనిపిస్తోంది. అయినా లోపల ఏ కదలికా లేదు. మూసిన ఇంటి గోడ మీద చెయ్యి వేసినట్టుంది. ఆయన టీ తాగుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆమె మెడ దగ్గర చూసింది. అక్కడా లేదు.

"ఎంతుంది?" అన్నాడు సత్యారావు.

"బాగానే ఉంది నాన్నా."

ఆయన వెళ్ళాక తన మణికట్టు పట్టుకుంది. నిశ్శబ్దం. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించి, వేళ్ళు సెగకి పెట్టింది. కాలింది. స్పర్శ పోలేదు. బొటనవేలితో సెల్‌ఫోను మీద నొక్కితే అది వణకడం కూడా తెలుస్తోంది. తెలియనిది ఒక్కటే.

నెల్లాళ్ళూ ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కూరలమ్మే ఆవిడ చిల్లర ఇస్తుంటే చెయ్యి పట్టుకుని చూసింది. పక్కింటి చంటిదాన్ని ఎత్తుకుని మెడ తడిమింది. ఎవరిలోనూ లేదు. బజారంతా నడుస్తోంది, బేరాలాడుతోంది, తిడుతోంది, నవ్వుతోంది, ఆమె వేళ్ళకి మాత్రం అందరూ గడప మీద కూర్చున్న ఆ మనిషే. చివరికి జనంలోకి వెళ్ళడమే మానేసింది.

ట్రైనింగు పది రోజులు. మొదటి పాఠం నాడి చూడడమే. ఒకళ్ళదొకళ్ళు చూసుకోవాలి. ప్రమోదకి జంటగా వచ్చిన పిల్ల పేరు స్వాతి, కొత్తగా చేరింది. ప్రమోద ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గోడ గడియారం వంక నిమిషం సేపు చూసింది.

"ఎంత?" అని అడిగాడు నేర్పే ఆయన.

"డెబ్బై ఆరు."

ఆయన రెండో చెయ్యి పట్టుకుని చూశాడు. "కరెక్టు. అరే, ఇంత బాగా వచ్చినావిడ తప్పు ఎలా రాశారు?" అని అందరిముందూ మెచ్చుకున్నాడు. పరీక్షించకుండా అంకె చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

డ్యూటీలో చేరిన రెండో రోజున ఫీనిక్స్ బే జెట్టీ నుంచి కాల్ వచ్చింది. టిక్కెట్ల వరసలో నిలబడ్డ ముసలాయన ఎండకి తూలిపడ్డాడు. రాఘవయ్య అనే రిటైరైన మాస్టారు. పోర్టర్లు నీడలోకి చేర్చి విసురుతున్నారు. ప్రమోద మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మెడ మీద వేళ్ళు పెట్టింది. తెలిసినా పెట్టింది, ఏడేళ్ళ అలవాటు. ఎప్పటిలాగే ఏమీ లేదు. వేలి మీటరు తీసి తగిలించింది. అది గీతలు చూపిస్తూ ఉండిపోయింది. అరచేతులు రెండూ తమంతట తాము ఆయన గుండె మీదికి వెళ్ళాయి. బతికున్న మనిషి ఎముకలు విరిగేలా ఒత్తబోతోంది.

మాస్టారు కళ్ళు తెరిచాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, పంతులుగారి గొంతుతో మెల్లిగా అడిగాడు. "నేను ఉన్నానా అమ్మా?"

అంతలో మీటరు నాడి డెబ్బై నాలుగు చూపించింది. "ఉన్నారు మాస్టారూ" అంది. ఆయన్ని ఆసుపత్రిలో అప్పగించి, బ్యాగు తెచ్చి రామ్‌ప్రసాద్‌కి ఇచ్చింది.

"నేనిక చెయ్యను భయ్యా. ఈసారి నిజంగానే ఎవర్నో చంపేస్తాను."

* * *

జంగ్లీఘాట్‌లో, చేపలు దింపే చోటికి పైన, జోగులు మేనకోడలి ఇంటి ముందు వల పరుచుకుని కూర్చున్నాడు. సూది చేతిలో ఉంది గాని కుట్టడం లేదు. మధ్యాహ్నం మూడైంది. ప్రమోద యూనిఫారంలోనే వెళ్ళి అతని ముందు నేల మీద కూర్చుంది.

"ఆ షీటు రాసింది నేనే బాబాయ్. ప్రమోద నా పేరు."

జోగులు తలెత్తాడు. "నువ్వు అబద్ధం రాసినావని ఆఫీసు కాయితం ఒచ్చింది కదమ్మా. పోనీలే అనుకున్నాను. రేతిరే, నొప్పి తెలీకుండా పోయింటాది అనుకున్నాను."

"రాసింది అబద్ధం కాదు. అబద్ధమని సంతకం పెట్టానే, అదే అబద్ధం. ఆమె రాత్రే పోయారు, డాక్టరుగారు చెప్పింది నిజం. పొద్దున్న నాతో మాట్లాడారు, అదీ నిజం. రెండూ ఎలా నిజమో నాకు తెలియదు. మీరు నన్ను కొట్టినా సరే, ఇదే చెప్తాను."

జోగులు కొట్టలేదు. సూది వలకి గుచ్చి పక్కన పెట్టాడు. "ఏటందమ్మా?" అన్నాడు.

చలేస్తోందన్న మాట చెప్పింది. అన్నం తిన్నాక కబురు చెప్పమన్న మాట చెప్పింది. అది విని అతను కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆ రోజు బోటు దిగగానే, గట్టు మీదే చెప్పేశారట అతనికి. ఆ రాత్రి నుంచి రెండు రోజులు ముద్ద ముట్టలేదట. ఇక మిగిలింది కోడి మాట. అదీ చెప్పింది.

"ఏ కోడమ్మా? నాను ఏటకెల్లినప్పటికి పొదుగుడు కోడి లేదే."

"వెనకాల, గంప కింద అన్నారు. మీద రాయి ఉందన్నారు."

ఆటో మాట్లాడుకుని చౌల్దారీ వెళ్ళారు. గుడిసెకి తాళం. దినకర్మల తరవాత జోగులు ఆ వైపు తొంగి చూడలేదు. బెండ మళ్ళు కలుపెక్కి పోయాయి. వాళ్ళని చూసి కనకలక్ష్మి తన పాక గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. గుడిసె వెనక చూరు కింద, పిడకల గూటికి ఆనించి వెదురు గంప బోర్లించి ఉంది. వానకి నల్లబడింది. మీద రుబ్బురాయంత రాయి. చుట్టూ మొలిచిన తీగ ఒకటి గంప కళ్ళలోంచి లోపలికి పాకింది. యాభై రోజులుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదని చూస్తేనే తెలుస్తోంది.

జోగులు రాయి దొర్లించాడు. గంప ఎత్తాడు.

కోడి తెల్లది. ఎండి, చదునై, ఈకలు మాత్రం చెదరకుండా గుడ్ల మీద పరుచుకునే ఉంది. మెడ ఒక రెక్క కిందికి తిప్పుకుంది. నీళ్ళ మూకుడు బోర్లాపడి ఉంది. గంప అంచు వెంట లోపలి వైపు నేలంతా గోళ్ళతో గీకిన గుంటలు. చాలా రోజులు గీకి ఉంటుంది.

ఫోను పక్కన పెట్టిన ఆ రెండు రోజులూ ప్రమోద కళ్ళ ముందు తిరిగాయి. ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కోడి ఇప్పుడు పిల్లలతో తిరిగేది. నూకరత్నం ఆ చివరి అరగంటా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైనట్టనిపించింది. మొగుడి అన్నం కోసం, ఈ కోడి కోసం వచ్చింది. ఏ మనిషికి ఆ రెండు పనులూ అప్పజెప్పిందో ఆ మనిషి ఒక్కటీ చెయ్యలేదు.

జోగులు ఒక్కసారిగా వెనక్కి తూలాడు. ప్రమోద పట్టుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఆలోచించకుండానే అతని మణికట్టు పట్టుకుంది. కొట్టుకుంటోంది. గబగబా, గట్టిగా, వేళ్ళని తోసేస్తూ. ఆమె వదల్లేదు. నూట పది దాకా లెక్కపెట్టింది, ఆపైన కన్నీళ్ళకి వాచీ కనపడలేదు.

"అది మాటాడిందమ్మా" అన్నాడు జోగులు, ఆ గంప వంకే చూస్తూ. "ఈ సంగతి నాకే తెల్దు. అది నీతో మాటాడింది." ఆమె వైపు తిరిగి, "మరి నాతోటి ఎందుకు మాటాడలేదు?" అన్నాడు. ఇద్దరూ కలిసి మడి గట్టున గుంట తీసి, కోడినీ గుడ్లనీ పూడ్చారు.

* * *

మర్నాడు ప్రమోద పూర్ణచంద్రగారికి ఉత్తరం ఇచ్చింది. సంతకం పెట్టిన ఒప్పుకోలు తప్పు, షీటులోని అంకెలు నేను లెక్కపెట్టినవే, అని నాలుగే వాక్యాలు. ఆయన చదివి, ఉత్తరం తిరిగి ఆమె వైపు తోశాడు. "ఇది నేను చూడలేదు. ఇంటికెళ్ళమ్మా." ప్రమోద ఆ ఉత్తరాన్ని బయట కౌంటరులో ఇచ్చి ముద్ర వేయించుకుంది.

కౌన్సిలు వాళ్ళు మళ్ళీ విచారణ పెట్టారు. బల్లకి అటు నలుగురు, చివర పూర్ణచంద్రగారు. రామ్‌ప్రసాద్ గురించి ప్రమోద ఒక్క మాట చెప్పలేదు. రోగి మాట్లాడినప్పుడు వేరే ఎవరైనా విన్నారా అంటే "నేను విన్నదే నేను చెప్పగలను" అంది. తరవాత రామ్‌ప్రసాద్‌ని పిలిచారు. అతను తలుపు దగ్గరే నిలబడి ముందరి స్టేట్‌మెంటు చదువుతుంటే విన్నాడు. సరేనా అని అడిగితే అటూ ఇటూ చూశాడు.

"వానచప్పుడు ఉంది సార్. కానీ ఏదో గొంతు కూడా ఉంది. ఔరత్ గొంతు, ఆడమనిషిది. ఎవరని అడక్కండి" అన్నాడు.

జోగులు కూడా వచ్చాడు. గంప సంగతి చెప్పాడు. బల్లకి అటు ఉన్నవాళ్ళలో ఒకాయన అది ఎవరైనా ముందే చూసి చెప్పి ఉండొచ్చు కదా అన్నాడు. "సూస్తే కోడినొగ్గేస్తారా బాబూ, సావనిస్తారా?" అన్నాడు జోగులు. ఆ ప్రశ్న రికార్డులోకి ఎక్కలేదు.

రెండు వాంగ్మూలాల్లో ఒకటి తప్పక అబద్ధం కాబట్టి, ఏది అబద్ధమైనా తప్పు తప్పే కాబట్టి, ప్రమోద రిజిస్ట్రేషన్ రెండేళ్ళు రద్దు చేశారు. జోగులుకి వేరే ఉత్తరం వెళ్ళింది. మరణం రాత్రే సంభవించింది, అంబులెన్సు షీటులోని అంకెలు పరిగణించబడవు అని. అతను బేబీరాణితో చదివించుకుని, షీటుని మాత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటాల వెనక దాచుకున్నాడని తరవాత తెలిసింది.

ఆర్డరు కాపీ తీసుకోవడానికి ప్రమోద పూర్ణచంద్రగారి గదికి వెళ్ళింది. ఆయన కాగితం ఇచ్చి సంతకం చేయించుకున్నాడు. రిజిస్ట్రేషన్ కార్డు తీసుకుని సొరుగులో వేసి తాళం తిప్పాడు. ఆమె లేచింది.

"కూర్చోమ్మా" అన్నాడు. గుమాస్తా బయటికి వెళ్ళేదాకా ఆగాడు. "ఇది ఎంక్వయిరీ కాదు. నేను అడిగినట్టు ఎక్కడా ఉండదు. ఆవిడకి... పోయానని తెలుసా?"

ప్రమోద ఆలోచించింది. ఎవరూ అడగని ప్రశ్న కాబట్టి ఆమె ఎవరికీ చెప్పని మాట అది.

"ఆసుపత్రికి వచ్చేశామమ్మా, దింపేస్తాం అని చెప్పాను సార్. 'ఇంత దూరం ఎందుకు తెచ్చినావే, నీకు ఒట్టి పనిసేటు' అంది. జాలిగా అంది. నామీద."

పూర్ణచంద్రగారు తల ఊపాడు. ఆమె తలుపు దాకా వెళ్ళేసరికి ఫైలు మళ్ళీ తెరిచి, ఆ షీటు పేజీ దగ్గర ఆగిపోయి ఉన్నాడు.